కాగితం ఉన్న మనిషి, కదలని నీళ్లు

మనిషిని చూసి మనిషి కుళ్లుకోవడం లోకంలో ఉన్నదే. పక్కవాడి బోరులో నీళ్లు పడితే తమకు నిద్ర పట్టనివాళ్లను చాలామందిని చూశాను. నేను వాళ్లకంటే ఇంకో మెట్టు కింద ఉన్నవాణ్ణి. నేను ఒక కాగితాన్ని చూసి కుళ్లుకున్నాను. గోడకు మేకు కొట్టి, గాజు పటంలో బిగించి పెట్టిన కాగితం. పదకొండేళ్లు దాని మీద దుమ్ము తుడిచింది కూడా నేనే. తుడిచిన ప్రతిసారీ గాజులో నా ముఖం కనిపించేది, దాని వెనక ఇంకొకరి పేరు.

ఐటీఐ పూర్తిచేసిన పిల్లలు ఇప్పటికీ నాగర్‌కర్నూలులో నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి అడుగుతుంటారు. "తాతా, పనొస్తే సాలదా? గా సర్టిఫికెట్ ఎందుకు?" అని. నోటితో చెప్పి చెప్పి అలసిపోయి ఇది రాస్తున్నాను. ఊకదంపుడు అనుకుంటే అనుకోండి. ఊకతో బతికినవాడు ఇంకేం దంచుతాడు?

మాది లింగాల దిక్కు. మా వాళ్లంతా కాలువలు తవ్వడానికో రోడ్లు పోయడానికో ఊళ్లు పట్టుకుని పోయినవాళ్లు. నేనూ కొన్నేళ్లు అలాగే తిరిగి, చివరికి వనపర్తి దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక గంపలు మోసే పనికి కుదిరాను. వడ్లను తొట్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, మర ఆడిస్తే ఉప్పుడు బియ్యం. ఆ ఆవిరి ఇచ్చేది బాయిలరు. దాని పొయ్యిలో వేసేది ఆ వడ్ల మీది ఊకే. అంటే వడ్లు తమ పొట్టుతో తామే ఉడుకుతాయన్నమాట. నా కథా ఇంచుమించు అదే.

బాయిలరు దగ్గరున్న ముసలి మేస్త్రీకి చూపు తగ్గితే ఆయనకు కళ్లు నేనయ్యాను. ఆయన పోయాక చేతులూ నావే అయ్యాయి. అలా నేనూ మేస్త్రీనయ్యాను. నాకు ఎవరూ పరీక్ష పెట్టలేదు. బాయిలరు పేలలేదు కాబట్టి ఏటేటా పాసవుతున్నట్టే అనుకున్నాను.

అయితే చట్టం అలా అనుకోదు. పరీక్ష పాసై సర్టిఫికెట్ ఉన్న మనిషి బాయిలరు దగ్గర నిలబడి ఉండాలంటుంది. దానికి మా సేటు ఒక ఉపాయం చేశాడు. గద్వాలలో ఒక పెద్దమనిషి దగ్గర అలాంటి సర్టిఫికెట్ ఉంటే దాన్ని కిరాయికి తెచ్చుకున్నాడు. కాగితం గోడ మీద, మనిషి గద్వాలలో, పని నా నెత్తి మీద. ఇన్‌స్పెక్టరు వస్తాడని కబురు అందిన రోజు పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సు దిగేవాడు. సేటు నా దగ్గరికొచ్చి మెల్లగా అనేవాడు.

"మేస్త్రీ, జర గా ఊక కుప్ప ఎనకకు పో. సార్ పోయినంక రా."

నేను పోయేవాణ్ణి. ఊక ఎత్తే పనిలో ఒక అక్క ఉండేది. నోరు గట్టిది. నన్ను ఊక కుప్ప వెనక చూసి పడి పడి నవ్వేది.

"ఏందన్నా, పెండ్లికొడుకువు నువ్వు, పీటల మీద ఇంకొకడా?"

"గట్ల కాదక్కా, ఎండ కొడుతుంటె నీడకొచ్చిన."

"ఊక కుప్పకు నీడెక్కడిదన్నా, నీ మొఖం కాకపోతె!"

ఒక ఏడు కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మాట తక్కువ, చూపు ఎక్కువ. పెద్దమనిషి ఆయనకు ఏదో వివరిస్తూ ఆవిరి గొట్టం మీద అరచెయ్యి ఆనించాడు. ఆనించి ఎగిరి గంతేశాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "రోజూ దీని దగ్గర ఉండే మనిషి ఈ గొట్టం మీద చెయ్యి పెడుతడా?" అని మాత్రం అడిగాడు. తర్వాత తిన్నగా నడుచుకుంటూ ఊక కుప్ప వెనక్కి వచ్చాడు.

"నువ్వెవరు?"

"ఊక మోస్త సార్."

ఆయన నా ముంజేతుల వంక చూశాడు. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు.

"ఊక మోస్తె గిట్ల కాలుతదా?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. పదిహేను రోజుల్లో నిజంగా పని చేసే సర్టిఫికెట్ మనిషిని పెట్టుకోకపోతే బాయిలరుకు తాళం వేస్తానని సేటుకు చెప్పి, పోతూ పోతూ నాతో అన్నాడు. "నువ్వు గూడ పరీక్షకు కూసోవచ్చు కదా. చేతిల పని ఉన్నోడివి."

అప్పుడు నేనన్న మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "నాకు పట్టా ఎందుకు సార్, పట్టు ఉన్నది" అన్నాను. హమాలీలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్‌స్పెక్టరు మాత్రం నన్ను ఒక క్షణం చూసి జీపెక్కాడు. నిజం చెప్పాలంటే నాకు తప్పుతానని భయం. ఇన్నేళ్లు మేస్త్రీ మేస్త్రీ అనిపించుకున్నవాడు పరీక్ష తప్పితే ఆ ముఖం ఏ ఊక కుప్ప వెనక దాచుకోవాలి?

వారం తిరక్కుండా ఒకతను వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, వడ్డేపల్లి దిక్కు వాడు. మాటల మధ్యలో ఆ సరిహద్దు కన్నడం తొంగిచూసేది. సంచిలోంచి సర్టిఫికెట్ తీసి సేటు ముందు పెట్టాడు. రెండో తరగతిది. పటంలో లేని సర్టిఫికెట్‌ను, పక్కన దాని మనిషితో సహా చూడడం నాకు అదే మొదలు.

సేటు నన్ను పిలిచాడు. "నువ్వే అడుగు మేస్త్రీ, నాకేం తెల్వదు."

నేను గొంతు సవరించుకుని అడిగాను. "పొద్దుగాల సల్లారిన బాయిలరుకు ఆవిరి రావాలంటె ఎన్ని గంపల ఊక పడతది?"

"మీ బాయిలరు నేను చూడలె అన్నా. చూసినంక చెప్త."

నేను సేటు వైపు తిరిగాను. "చూసినవా సేటూ? ఈయనకేం రాదు."

"నువ్వడిగేది ఆయనకు రాదు. ఆ కాగితం అడిగేది నీకు రాదు. నాకు ఇద్దరూ కావాలె ఇప్పటికైతె" అన్నాడు సేటు. నా వంక చూడకుండా, "ఈ సీజనుకు ఇద్దరూ ఉండుండ్రి. ఆ తర్వాత చూద్దాం. ఉన్నది ఒక్క బాయిలరు, దానికిద్దరెందుకు?" అన్నాడు.

ఆ 'ఆ తర్వాత' ఎవరి గురించో నాకు అర్థమైంది. నాకప్పటికి యాభై నాలుగు. ఈ మిల్లు గేటు దాటితే కాగితం లేని నన్ను ఇంకో మిల్లు మేస్త్రీగా పెట్టుకోదు. మళ్లీ గంప ఎత్తుకోవాలి. ఆ వయసులో గంపకు నేను బరువు, నాకు గంప బరువు.

ఇక మొదలైంది చూడండి నా కుళ్లు. తొట్లో వడ్లు ఎక్కువసేపు నానితే పులిసి వాసన కొడతాయి. మనిషి పులియడానికి అంతసేపు కూడా అక్కర్లేదని ఆ సీజనులో తెలుసుకున్నాను.

అతని జేబులో పెన్ను ఉండేది. అది చూస్తే మంట. కాళ్లకు బూట్లు. వాటిని చూస్తే మంట. లాగ్‌బుక్కును మేం లాగు పుస్తకం అనేవాళ్లం, దాన్ని గంటకోసారి తెరిచి ఆవిరి ఎంత, నీళ్లు ఎంత అని రాసేవాడు. అది చూస్తే బాయిలరు అక్కర్లేకుండా నేనే ఆవిరి వదిలేవాణ్ణి. నన్ను మేస్త్రీ అనే హమాలీలు అతన్ని సార్ అనడం మొదలుపెట్టారు. మిల్లు కుక్క కూడా అతని బూట్ల పక్కన పడుకోవడం నేర్చింది. నేను బూట్లు వేసుకోను కదా, దాని తప్పేముంది?

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుంటే అదే మాట. "పొద్దుగాల వచ్చి అద్దం తుడిసిండు, పెన్ను తీసిండు, రాసిండు. గంటకోసారి రాస్తడు. ఏం రాస్తడో ఏమో, రామాయణం రాసినట్టు." నాలుగు రోజులు విన్న నా భార్య అయిదో రోజు గరిటె కింద పెట్టింది.

"ఏందయ్యా, అన్నం తింటున్నవా, ఆయన్ను తింటున్నవా?"

ఒకరోజు తడిసిన ఊక వచ్చింది. తడి ఊక పొయ్యిలో పడితే మంట అణిగి, లోపల పొగ నిండి, ఉన్నట్టుండి తలుపులోంచి బయటికి ఎగదన్నుతుంది. అలా తన్నే ముందు పొయ్యి ఒక రకంగా గురక పెడుతుంది. అతను తలుపు ముందు వంగి లోపలికి చూస్తున్నాడు. నాకు గురక వినిపించింది. చెప్పడానికి సిగ్గేస్తుంది గాని, నేను ఒక్క క్షణం ఆగాను. ఆ తర్వాతే చొక్కా పట్టి వెనక్కి లాగాను. అతని కనుబొమ్మలు మాత్రం కాలాయి. అతను లేచి, ముఖం తుడుచుకుని, "నీకెట్ల తెలిసిందన్నా? నాకు జర నేర్పు" అన్నాడు.

"మీ పుస్తకంల లేదా సారూ?" అన్నాను.

లేదన్నాడు. అంత మామూలుగా లేదంటే నా వెటకారం వృథా అయింది. నేర్పలేదు మాత్రం.

ఇప్పుడు నీళ్ల అద్దం సంగతి చెప్పాలి. బాయిలరు లోపల నీళ్లు ఎంతున్నాయో బయటికి చూపే గాజు గొట్టాన్ని మేం అద్దం అనేవాళ్లం. అద్దంలో నీళ్లు సగానికి ఉంటే లోపలా సరిపడా ఉన్నట్టు. దాని కింద ఒక చిన్న వాల్వు ఉంటుంది. అది తెరిస్తే అద్దంలోని నీళ్లు బయటికి పోతాయి. మూయగానే బాయిలరులోంచి కొత్త నీళ్లు గబుక్కున పైకెక్కాలి. ఎక్కితే అద్దం చెప్పేది నిజం. ఎక్కకపోతే అబద్ధం. పూటకోసారి ఇలా చూడాలని అతని చదువు. మా మిల్లులో అలా చూసి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. తెరిస్తే మళ్లీ సరిగా మూసుకోదని, కారుతుందని ముసలి మేస్త్రీ దాన్ని ముట్టనిచ్చేవాడు కాదు. నేనూ ముట్టనివ్వలేదు. పక్కనున్న రెండో అద్దం ఎప్పుడో పగిలితే దాని దారి మూసేశాను. నీళ్లు తగ్గితే మోగే గంట ఒకటుంటే, ఊరికే మోగి చెవులు తింటోందని దాని నాలుకకు తీగ చుట్టేశాను. ఇవన్నీ నా పనితనం లెక్కలో రాసుకున్నవే.

"అన్నా, అద్దం వదిలి చూస్త" అని అతను వచ్చిన రెండో రోజే అడిగాడు.

"ముట్టుకున్నవంటె ఊడి చేతికొస్తది. సీజను నడుమ బాయిలరు ఆగితె నీ కాగితం ఆవిరిస్తదా?"

అతను పెద్దవాడి మాట కాదనలేక ఊరుకున్నాడు. అద్దం వంక మాత్రం అనుమానంగా చూస్తూనే ఉండేవాడు.

ఆ రోజు రెండు తొట్ల వడ్లకు ఒకేసారి ఆవిరి పెట్టాం. పొద్దుటి నుంచి అద్దంలో నీళ్లు సరిగ్గా సగానికి నిలబడి ఉన్నాయి. చీమంత పైకి లేదు, చీమంత కిందికి లేదు. నాకు లోపల ఒకటే సంబరం. నీళ్ల పంపు నా చేతిలోనే ఉంచుకున్నాను. అలవాటు ప్రకారం గంటకోసారి కాసేపు వేసి ఆపేవాణ్ణి. ఊక ఎత్తే అక్కను పిలిచి మరీ అద్దం చూపించాను.

"చూడక్కా. గీత గీసినట్టు లేవూ నీళ్లు? గిట్ల నిలబెట్టాలంటె చెయ్యి కావాలె, పెన్ను కాదు."

అక్క అతనికి వినపడేలా, "నీ చేతికి నేను దండం పెడుత గాని, నువ్వు తప్పుకో అన్నా, ఊక కొట్టాలె" అంది.

పదకొండు దాటాక అతను లాగు పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఎనిమిది, సగం. తొమ్మిది, సగం. పది, సగం. పదకొండు, సగం. నాలుగు వరసలు చూపించాడు.

"అన్నా, ఆవిరి ఇంత లాగుతుంటె నీళ్లు ఊగాలె. పంపేస్తె ఎక్కాలె, ఆపితె దిగాలె. ఇవి కదులుతలేవు."

"కదలకుండ పెట్టింది నేను."

"మనం పెట్టనీకె ఇవేమన్న చెంబుల నీళ్లా అన్నా? నాకు మంచిగనిపిస్తలేదు. వాల్వు తెరుస్త. లేకుంటె మంట ఆపుదాం."

నేను ఎదురుచూస్తున్న మాట అదే. సీజను మధ్యలో, రెండు తొట్ల వడ్లు ఆవిరి మీద ఉండగా, బాయిలరు ఆపుదామన్నవాణ్ణి ఏ సేటూ ఉంచుకోడు. ఆఫీసు గదికి దాదాపు ఉరికాను.

"సేటూ, నీ సర్టిఫికెట్ సారు బాయిలరు ఆపుమంటుండు. రెండు తొట్ల వడ్లున్నయి లోపల. పాడైతె ఎవరి జిమ్మేదారి?"

సేటు చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వచ్చాడు. హమాలీలు చుట్టూ చేరారు. అతను సేటుకు అదే మాట చెప్పాడు. సేటు నా వంక చూశాడు.

"మేస్త్రీ, నువ్వేమంటవ్?"

"ఇన్నేండ్ల సంది చూస్తున్న సేటూ. నా బాయిలరు నాకు తెల్వదా? నీళ్లు సగమున్నయి. గంతె."

"గట్లయితె వాల్వు తెరవనీకి భయమెందుకన్నా?" అన్నాడతను. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు ఎంతో బాగుండేది, తిట్టేవాణ్ణి.

"తెరువు! తెరిసి చూడు" అన్నాను.

తెరిచాడు. అద్దంలోని నీళ్లు బుస్సుమని పోయాయి, వెనకే ఆవిరి. వాల్వు మూశాడు. అందరం అద్దం వంక చూస్తున్నాం. నీళ్లు ఎక్కలేదు. నేను ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకున్నాను. పది దాకా లెక్కపెట్టాను. అద్దం ఖాళీగా ఉంది. పొద్దుటి నుంచి నేను చూసి మురిసిపోయినవి బాయిలరు నీళ్లు కావు. దారి మూసుకుపోతే గాజులో చిక్కుకుని నిలిచిన నీళ్లు. రెండు తొట్లకు లాగిన ఆవిరికి నా గంటకోసారి పంపు చాలలేదు.

అప్పుడు నా చెయ్యి ఏం చేసిందో చెబుతాను. ఇన్నేళ్లలో నీళ్లు తగ్గినప్పుడల్లా ఏం చేసిందో అదే చేసింది. బాయిలరు వెనకున్న పంపు మీటకు పోయింది. అక్కడుంటే సేటుకూ హమాలీలకూ కనపడం. నీళ్లు లేవంటే నీళ్లు పెట్టడమే కదా! మీట మీద వేళ్లు పడ్డాయో లేదో, వెనకే ఉరికొచ్చి అతను నా మణికట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బ్యాడన్నా! నీళ్లు బ్యాడ!"

భయంలో అతని ఊరి మాట బయటికొచ్చింది. వద్దని అర్థం. ఆ మాట నాకు తెలియకపోయినా ఆ పట్టు చెప్పేది.

"లోపల గొట్టాలు బయటపడి ఎర్రగ కాలి ఉంటె, సల్లటి నీళ్లు తాకినయంటె మిల్లుండదన్నా. మనం గూడ ఉండం. ముందు మంట తీయాలె."

నేను మీట వదిలేశాను. అతను నన్ను వదలకుండానే హమాలీలను రోడ్డు మీదికి పొమ్మని కేకేశాడు. సేటును కూడా. ఆ తర్వాత పొయ్యి వంక, నా వంక చూశాడు. ఆ చూపు మరిచిపోలేను. అందులో మొదటిసారి అతనికి ఏం చెయ్యాలో తెలియదని కనిపించింది.

"అన్నా, ఊక మంట జల్ది ఎట్ల ఆపాలె? నీళ్లు కొట్టొద్దు గద?"

అది నాకు తెలుసు. పొయ్యికి గాలి కొట్టే బ్లోయరు ఆపాను. ఊక పడే దారి మూశాను. పొయ్యి వెనకున్న చల్లారిన బూడిద గంపలకెత్తి మంట మీద పరిచాను. పొమ్మన్నా పోకుండా ఊక ఎత్తే అక్క గంపలు అందిస్తూనే ఉంది. "మీ ఇద్దరి పంచాయితి రేపు పెట్టుకోండ్రి, ఇయ్యాల బూడిదెత్తుండ్రి" అని తిడుతూ. మంట ముందు ఎరుపు తగ్గింది, తర్వాత నలుపెక్కింది. ఆవిరి ముల్లు దిగడం మొదలయ్యాక ముగ్గురం మిల్లు గేటు బయట రోడ్డు పక్కన కూర్చున్నాం.

మర్నాడు బాయిలరు తెరిచి చూశాం. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అద్దానికి పోయే దారి తెల్లగా, గట్టిగా పూడిపోయి ఉంది. లోపల నీళ్ల గీత పై వరస గొట్టాల కింద ఉంది. ఆ గొట్టాలు నీలం రంగుకు తిరిగి ఉన్నాయి. సేటు తొంగి చూసి బయటికి పోయాడు. అతను గంట దగ్గరికి పోయి, నేను చుట్టిన తీగ విప్పి, జేబులో వేసుకున్నాడు.

తర్వాత లాగు పుస్తకం తీశాడు. నేను భుజం మీదుగా చదివాను. అద్దం దారి సున్నంతో మూసుకుపోయిందని రాశాడు. మంట ఆపినట్టు రాశాడు. ఆపినవారు అన్నచోట 'మేస్త్రీ' అని రాశాడు. నా చెయ్యి పంపు మీదికి పోయిన సంగతి రాయలేదు. తీగ సంగతీ రాయలేదు. పుస్తకం మూసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

అతను చెడ్డవాడై ఉంటే ఎంత బాగుండేదో! సర్టిఫికెట్ ఉన్నవాడు, అనుమానపడ్డవాడు, నా ప్రాణం కాపాడినవాడు, పైగా నా తప్పు దాచినవాడు. ఒక మనిషి మీద కుళ్లుకోవడానికి ఇన్ని కారణాలు ఒకేచోట ఉండకూడదు.

సీజను అయిపోయాక సేటు నన్ను పిలిచాడు. సంచి సర్దుకునే పోయాను.

"కూసో మేస్త్రీ. నువ్వుంటున్నవ్."

"మరి ఆయన?"

"ఆయన గూడ. నేను ఒక్కరే సాలంటె, మేస్త్రీ లేకుంటె ఈ ఊక పొయ్యి కాడ నేనుండ అన్నడు. ఏం మందు పెట్టినవో ఏమో."

అక్కకు చెబితే, "మనిషి దేవుడోలె ఉన్నడన్నా" అంది.

"గదే నా పరేషాన్" అన్నాను.

ఇంటికి పోయి చెబితే నా భార్య, "మంచోడే పాపం" అంది. ఆ పూట నాకు ఆకలి కాలేదు.

ఆ తర్వాత ఇద్దరం పక్కపక్కనే పనిచేశాం. పొయ్యి గురక నేను నేర్పాను. లాగు పుస్తకం రాయడం అతను నేర్పాడు. నన్ను కూడా పరీక్షకు కూర్చోమని దరఖాస్తు తెచ్చి ఇచ్చాడు. ఒక ఏడు కళ్లద్దాలు మార్చాలన్నాను, ఇంకో ఏడు ఇంట్లో పెళ్లి అన్నాను. ఇప్పటికీ నా దగ్గర ఆ కాగితం లేదు.

పిల్లలూ, మీరడిగినదానికి జవాబు ఎక్కడైనా ఉంటే ఇక్కడే ఉంది. నాకు అనుభవం ఉండింది, అతనికి అనుమానం ఉండింది. ఆ రోజు అనుమానమే మమ్మల్ని బతికించింది. జరిగినవన్నీ నాకు తెలుసు. ఇంకా జరగనివి అతను చదువుకుని వచ్చాడు. బాయిలరు పేలడం అనుభవంతో నేర్చుకునే విద్య కాదు. అలా నేర్చుకున్నవాడు చెప్పడానికి మిగలడు. ఆ కాగితం ఊరికే పుట్టలేదు, అలా మిగలనివాళ్లందరి సంగతి దాని వెనక ఉంది. ఇప్పుడు మిల్లులవాళ్లు మనుషుల్ని పెట్టుకునేటప్పుడు అప్పుడప్పుడు నన్ను కూర్చోబెడతారు. ముందు కాగితం చూస్తాను. అది తెచ్చినవాడిదేనా అని చూస్తాను. పని ప్రశ్నలు ఆ తర్వాత. 'తెల్వదు' అని చెప్పగలిగినవాడికి నా దగ్గర రెండు మార్కులెక్కువ. కాగితం ఒక్కటే చాలదని కూడా చెబుతాను. ఆ రోజు బూడిద పరిచిన చేతులకు కాగితం లేదు మరి.

ఇక నా పగ సంగతి.

రెండేళ్లకు అతను మొదటి తరగతి పరీక్షకు దరఖాస్తు పెట్టాడు. దానికి మిల్లు నుంచి ఒక ఉత్తరం కావాలి. ఎన్నాళ్లు పనిచేశాడు, ఎలా పనిచేశాడు అని. సేటుకు రాత బద్ధకం. "నువ్వే రాయి మేస్త్రీ, నేను సంతకం పెడుత" అన్నాడు.

మూడు రోజులు రాశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు. అతని పని, శుభ్రం, పూటపూటా అద్దం వదిలి చూడడం, అన్నీ రాశాను. చివరన ఆ రోజు సంగతి రాశాను. అద్దంలో నీళ్లు ఎక్కకపోతే బాయిలరు మేస్త్రీ అజ్ఞానంతో పంపు వేయబోయాడనీ, ఇతను చెయ్యి పట్టి ఆపకపోతే ప్రాణాలు పోయేవనీ, నీళ్లు తగ్గితే మోగే గంటను కట్టేసింది కూడా ఆ మేస్త్రీయేననీ రాశాను.

సేటు చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"గా మేస్త్రీ అంటె నువ్వేనా?"

"మన మిల్లుల ఇంకెవరున్నరు సేటూ?"

"ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలె?"

"ఆయన చెప్తడనుకున్న."

సేటు ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాడు. నేను సంచి సర్దుకోవడానికి మనసులో సిద్ధమయ్యాను. చివరికి ముద్ర తీసి, సిరా అద్ది, కాగితం మీద గట్టిగా కొట్టాడు. "పో" అన్నాడు. పని నుంచా, గది నుంచా అని అడగలేదు నేను. పొయ్యి దగ్గరికే పోయాను. ఎవరూ ఆపలేదు.

ఉత్తరం కవరులో పెట్టి, అంటించి మరీ అతనికిచ్చాను. పరీక్ష రోజు మధ్యాహ్నం పట్నం నుంచి ఫోను వచ్చింది.

"అన్నా, పాసైన."

"సంతోషం."

"వాళ్లు ఉత్తరం చదివి గా రోజు సంగతే అడిగిన్రు. అరగంట గదే అడిగిన్రు." గొంతు మారింది. "గదెందుకు రాసినవన్నా? నేను ఒక్కరికి చెప్పలె. మా ఇంట్ల గూడ చెప్పలె."

"ఎరుకే. గందుకే రాసిన."

నా తప్పు దాచి రెండేళ్లుగా అతను నా మీద మోపి ఉంచిన మంచితనాన్ని దించి అతని చేతిలోనే పెట్టాను. దేనికైనా జవాబున్న ఆ మనిషికి అవతలి వైపు కాసేపు మాట రాలేదు. ఆ కాసేపు నాకు ఎంత హాయిగా ఉందో ఏ కాగితం మీదా రాయలేను.